సాల్మండ్ నిర్వచనం, రొటోరువా సరస్సు

తెలుగునాట లా చదివినవారిలో సాల్మండ్ పేరు వినని వారు అరుదు. జ్యూరిస్‌ప్రుడెన్స్ పేపరులో ‘చట్టం అంటే ఏమిటి’ అన్న ప్రశ్న పడితే ఆస్టిన్ నిర్వచనం ఒక పేరా, సాల్మండ్ నిర్వచనం మరో పేరా, రెండింటి మీద విమర్శలు ఇంకో పేరా రాసి గట్టెక్కడం తరాలుగా సాగుతున్న ఆనవాయితీ. ఆస్టిన్ దృష్టిలో చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ. సాల్మండ్ ఆ మాటతో తృప్తిపడలేదు. న్యాయపాలనలో రాజ్యం గుర్తించి వర్తింపజేసే సూత్రాల సముదాయమే చట్టమన్నాడు. అంటే చట్టమేదో తేల్చుకోవాలంటే పాలకుడి నోటివైపు కాక న్యాయస్థానం గుమ్మంవైపు చూడాలి. పరీక్షకు ఇంతమాత్రం చాలు. అయితే ఆ నిర్వచనం రాసిన మనిషి ఏ దేశంలో పెరిగాడు, అదే చేత్తో తర్వాత ఏ శాసనాలు రాశాడు, వాటివల్ల ఎవరి భూమి, ఎవరి నీరు ఏమయ్యాయి అన్న సంగతులు మన తరగతి గదుల్లోకి రావు. వచ్చి ఉంటే, ‘ఎందుకీ సిద్ధాంతాల గోల’ అని విసుక్కునే విద్యార్థి కూడా ఆ పుస్తకాన్ని మరోసారి తెరిచేవాడు.

జాన్ సాల్మండ్ 1862లో ఇంగ్లండ్‌లో పుట్టినా, కుర్రతనంలోనే కుటుంబంతో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌కు చేరాడు. ఒటాగోలోను, లండన్‌లోను చదివి, దక్షిణ దీవిలో టెముకా అనే చిన్న పట్నంలో పదేళ్లపాటు ప్రాక్టీసు చేశాడు. న్యాయశాస్త్ర మూలసూత్రాల మీద ఆయన పుస్తకం 1893లో, ఆ చిన్న ఊళ్లో ఉండగానే వచ్చింది. 1897లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో లా ప్రొఫెసర్ అయ్యాడు. 1902లో వెలువడిన జ్యూరిస్‌ప్రుడెన్స్ గ్రంథంతో ఆయన పేరు బ్రిటిష్ సామ్రాజ్యమంతటా పాకింది. 1906లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా కాలేజీకి తిరిగి వచ్చి, మరుసటి ఏడే ప్రభుత్వానికి శాసనాలు రాసిపెట్టే కార్యాలయంలో చేరాడు. 1910లో సొలిసిటర్ జనరల్, 1920లో జడ్జి అయ్యాడు. 1924లో కన్నుమూశాడు. శాసన రచయితగా ఆయన చేసిన పెద్ద పని 1909 నాటి నేటివ్ ల్యాండ్ చట్టం. మావోరీ భూముల మీద పేరుకుపోయిన శాసనాల చిక్కుముడిని విప్పి ఒక్కచోటికి తెచ్చిన గట్టి పని అది. అందులోనే 84వ సెక్షన్ ఉంది. భూమి మీద మావోరీల సంప్రదాయ హక్కును ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఏ కోర్టులోనూ అమలు చేయించుకోవడానికి వీల్లేదని దాని సారం. ఆ తర్వాత మూడేళ్లకు, 1912లో, రొటోరువా సరస్సు అడుగు నేల తమదంటూ టె అరావా తెగకు చెందిన తమిహానా కొరోకాయ్ వేసిన కేసులో ప్రభుత్వం తరఫున నిలబడింది సాల్మండే. సరస్సు తనదేనని ప్రభుత్వం ఒక మాట చెబితే చాలు, ఇక కోర్టు విచారణ అక్కర్లేదన్నది ఆయన వాదన. అప్పీలు కోర్టు దానికి ఒప్పుకోలేదు. మావోరీ భూముల కోర్టు విచారించవచ్చని తేల్చింది.

పుస్తకంలోని నిర్వచనాన్ని, శాసనంలోని సెక్షన్‌ను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి రెండోదానికి కారణమని చెప్పడం చరిత్రకు అన్యాయం. మావోరీ హక్కుల మీద కోర్టు తలుపు మూసే ధోరణి 1877 నాటి వి పరాటా తీర్పులోనే ఉంది. 1840 ఫిబ్రవరి 6న మావోరీ నాయకులకు, బ్రిటిష్ రాణికి మధ్య కుదిరిన వైటాంగి ఒడంబడిక చట్టం దృష్టిలో చెల్లనిదని ఆనాడే ఒక ప్రధాన న్యాయమూర్తి అనేశాడు. అయినా ఈ రెండూ కలిపి చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. కోర్టు గుర్తించిందే చట్టమైతే, కోర్టు గుమ్మాన్ని మూసేసినవాడు ఎదుటివారి హక్కును మాత్రమే ఆపడం లేదు. వారి ధర్మాన్ని చట్టం అన్న పేరుకే దూరం చేస్తున్నాడు. సరస్సు ఒడ్డున తరాలుగా చేపలు పట్టి, హద్దులు పాటించి, తగవులు తీర్చుకుని బతికిన సమాజానికి ఉన్నది ‘ఆచారం’, వెల్లింగ్టన్‌లో అచ్చయినది ‘చట్టం’. ఈ గీత గీసింది సైన్యం కాదు. ఒక నిర్వచనం. న్యాయతత్వశాస్త్రం విశ్వవిద్యాలయంలో ఎందుకు చదవాలన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు లేదు. చట్టమంటే ఏమిటి, దాని ముందు వ్యక్తి ఎవరు, చివరి మాట ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానాలు నేలను చేతులు మారుస్తాయి. వాటితో కుస్తీ పట్టకుండా ఎవరికీ లా పట్టా అందకూడదు. ఆ కుస్తీ కూడా తన దేశపు నేల మీదే జరగాలి.

చివరి మాట ఎవరిదన్న ప్రశ్న న్యూజిలాండ్‌లో ఉన్నంత సజీవంగా మరెక్కడా లేదేమో. ఆ దేశానికి మనకున్నట్టు ఒకే గ్రంథంగా రాసుకున్న రాజ్యాంగం లేదు. 1986 రాజ్యాంగ చట్టం, 1990 హక్కుల చట్టం, వైటాంగి ఒడంబడిక, పాత సంప్రదాయాలు కలిసి ఆ పని చేస్తాయి. ఎగువ సభను 1951 నుంచి రద్దు చేసుకోవడంతో పార్లమెంటులో ఉన్నది ఒకే సభ. హక్కుల చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, ఒక శాసనం పౌరహక్కులకు విరుద్ధంగా ఉన్నా కోర్టు దాన్ని కొట్టివేయలేదు. మనకు ఇది వింతగా తోస్తుంది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు ముట్టుకోరాదని 1967లో గోలక్‌నాథ్ కేసులో తీర్పిచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. ఆ తీర్పును దాటి, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదని 1973లో కేశవానంద భారతి కేసు తేల్చింది. మన విద్యార్థికి ఈ సిద్ధాంతం తీర్పుల రూపంలో సిద్ధంగా దొరుకుతుంది. న్యూజిలాండ్ విద్యార్థికి అలాంటి ఆసరా లేదు. కోర్టు చేతిలో కత్తి లేనప్పుడు తర్కమే కాపలాదారు. అందుకే అక్కడ న్యాయతత్వశాస్త్రం రాజ్యాంగ చట్టానికి అనుబంధంగా మిగలదు, సగం రాజ్యాంగ చట్టమే అవుతుంది.

ఆ నేల నుంచి వచ్చిన ఇద్దరు ఉద్దండులు ఈ ప్రశ్నకు రెండు వైపులా నిలబడ్డారు. కొన్ని హక్కులు ఎంత లోతున పాతుకుని ఉన్నాయంటే పార్లమెంటు కూడా వాటిని పెకలించలేదేమోనని 1980లలో తీర్పుల్లోనే సూచించిన న్యాయమూర్తి రాబిన్ కుక్ ఒకరు. ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టి, ఒటాగోలో తత్వశాస్త్రం, లా రెండూ చదివి, ఆక్స్‌ఫర్డ్ మీదుగా న్యూయార్క్ చేరిన జెరెమీ వాల్‌డ్రన్ మరొకరు. హక్కుల గురించి మనుషులు నిజాయతీగా విభేదిస్తారు, ఆ విభేదాన్ని ఎన్నికైన సభే తీర్చాలి, కొద్దిమంది జడ్జీలు కాదు అన్నది ఆయన దశాబ్దాలుగా చేస్తున్న వాదన. ఈ వాదాలను పక్కనే జరిగిన చరిత్రతో తూచవచ్చు. సముద్రతీర నేల మీద మావోరీల సంప్రదాయ హక్కులను విచారించవచ్చని 2003లో ‘న్గాటి అపా’ కేసులో అప్పీలు కోర్టు తలుపు తెరిచింది. మరుసటి ఏడే పార్లమెంటు శాసనం చేసి ఆ తలుపు మూసింది. నిరసనలు వెల్లువెత్తాయి. 2011లో మరో చట్టం తెచ్చి ఆ శాసనాన్ని రద్దు చేసి, కోర్టుకు వెళ్లే దారిని మళ్లీ ఇచ్చారు. మూసింది పార్లమెంటే, తెరిచిందీ పార్లమెంటే. ఇది వాల్‌డ్రన్ వాదానికి బలమా, కుక్ భయానికి రుజువా? దీనికి తరగతిలో చెయ్యెత్తి వాదించిన విద్యార్థికి రేపు పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూర్చున్నా, జడ్జి ముందు నిలబడ్డా మాట తడబడదు.

చట్టమంటే ఏమిటన్న మొదటి ప్రశ్న న్యూజిలాండ్ సుప్రీంకోర్టు ముందుకే నడిచి వచ్చి, 2022లో జవాబు అందుకుంది. పీటర్ ఎల్లిస్ అనే వ్యక్తికి 1993లో పడిన శిక్ష మీద అప్పీలు నడుస్తుండగా 2019లో ఆయన మరణించారు. మనిషే పోయాక అప్పీలు ఎందుకన్నది ఇంగ్లిష్ చట్టం నేర్పిన సహజమైన ప్రశ్న. ఆయన మావోరీ కాకపోయినా, ఈ విషయంలో టికంగా ఏమంటుందో చెప్పమని ధర్మాసనమే న్యాయవాదులను అడిగింది. టికంగా అంటే మావోరీల ఆచార ధర్మం. ఏది సరైన నడవడి, తప్పు జరిగితే సమతూకం తిరిగి ఎలా రావాలి అని ఆ సమాజం నిలబెట్టుకున్న కట్టుబాటు. దాని ప్రకారం పోయినవాడి పరువు అతనితో పోదు, వెనక ఉన్నవారి మీద ఉంటుంది. అప్పీలు కొనసాగింది. శిక్ష రద్దయింది. టికంగాకు దేశపు కామన్ లాలో చోటు ఉందని, ముందు ముందు కూడా ఉంటుందని ఐదుగురు న్యాయమూర్తులూ అంగీకరించారు. ఆచారాన్ని కోర్టు గుర్తించాలంటే అది ఫలానా పరీక్షలు నెగ్గాలన్న వలసకాలపు నియమాన్ని మెజారిటీ పక్కన పెట్టింది. 1908 నాటి ఆ నియమం సాల్మండ్ కాలపు ఆలోచనలోంచే పుట్టింది. గమనించదగ్గ విశేషం ఏమిటంటే, సాల్మండ్ నిర్వచనం ఇప్పటికీ ఓడిపోలేదు. కోర్టు గుర్తించింది కాబట్టే టికంగా చట్టమైందని ఒకరు అనవచ్చు. అది ముందునుంచే చట్టం, కోర్టు ఆలస్యంగా కళ్లు తెరిచిందని మరొకరు అనవచ్చు. ఈ రెండింటి మధ్య దూరం సిద్ధాంతకర్తకు ఎంతో, తన పూర్వికుల ఆచారం ఏ హోదాతో కోర్టు మెట్లెక్కుతుందో చూస్తున్న మావోరీ కుటుంబానికీ అంతే.

వ్యక్తి ఎవరన్న రెండో ప్రశ్నకు న్యూజిలాండ్ ఇచ్చిన జవాబు ప్రపంచమంతా విన్నది. 2017లో చేసిన చట్టం వాంగనుయి నదిని, కొండల నుంచి కడలి వరకు ఒకే జీవ సమగ్రతగా, చట్టం ముందు వ్యక్తిగా ప్రకటించింది. నది తరఫున మాట్లాడడానికి ఇద్దరు ప్రతినిధులు ఉంటారు. ఒకరిని తెగలు, మరొకరిని ప్రభుత్వం సూచిస్తాయి. దీని వెనుక ఉన్న ప్రధాన శక్తి, నది తమదని 19వ శతాబ్దం నుంచి పోరాడిన వాంగనుయి తెగలే. ఆ ఘనత మరెవరికీ దక్కదు. అయితే పోరాటానికి చట్టరూపం దొరకడానికి ఒక భావన కావాలి. చెట్లకు, నదులకు కోర్టులో నిలబడే హక్కు ఎందుకు ఉండకూడదని అమెరికన్ లా ప్రొఫెసర్ క్రిస్టఫర్ స్టోన్ 1972లో వేసిన ప్రశ్నను అప్పట్లో చాలామంది పండితుల వినోదంగా చూశారు. ఒటాగోలో జేమ్స్ మోరిస్, జసింటా రురు 2010లో దాన్ని అందుకుని, నదులతో మావోరీలకున్న బంధాన్ని గుర్తించడానికి చట్టబద్ధ వ్యక్తిత్వం ఒక మార్గం కాగలదని ప్రతిపాదించారు. ఏడేళ్లలో అది శాసనపు భాషలో కనిపించింది. తరగతి గదిలో వేసిన ప్రశ్న శాసనం కావడానికి ఒక్కోసారి అర్ధశతాబ్దం పడుతుంది. అది వేసే చోటే లేకపోతే ఎన్నటికీ పట్టదు.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. దేవతా విగ్రహం చట్టం ముందు వ్యక్తేనని ప్రీవీ కౌన్సిల్ 1925లోనే అంగీకరించింది. వాంగనుయి చట్టం వచ్చిన 2017 మార్చిలోనే ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను జీవమున్న వ్యక్తులుగా ప్రకటించింది. జులైలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అన్నిటికంటే తెలుగువారు గుర్తుంచుకోవలసింది 1997 నాటి సమత తీర్పు. విశాఖ మన్యంలో అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు భూములను ప్రభుత్వం గనుల కోసం గిరిజనేతరులకు లీజుకిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ ‘వ్యక్తి’ అయినా గిరిజనేతరులకు భూమి బదిలీ చేయరాదని 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధనలు చెబుతున్నాయి. ప్రభుత్వం వ్యక్తి కాదు కదా, మాకా నిషేధం వర్తించదని రాష్ట్రం వాదించింది. వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వమూ ఉందని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు తేల్చింది. లీజులు చెల్లవంది. వాంగనుయిలో నదిని వ్యక్తిని చేయడం న్యాయమైంది. బొర్రాలో ప్రభుత్వాన్ని వ్యక్తిగా లెక్కించడం న్యాయమైంది. ఒకే పదం, రెండు నేలలు. ‘వ్యక్తి’ అన్న అధ్యాయాన్ని సాల్మండ్ పుస్తకంలో బట్టీ పట్టిన మన విద్యార్థికి ఆ అధ్యాయంలో బొర్రా గుహల చుట్టుపక్కల ఊళ్లు ఉన్నాయని ఎవరూ చెప్పరు.

ఇక చదువు సంగతి. న్యూజిలాండ్‌లో ఆరు విశ్వవిద్యాలయాలు లా నేర్పుతున్నాయి. న్యాయవాదిగా నమోదు కావాలంటే ఏయే సబ్జెక్టులు తప్పనిసరో లీగల్ ఎడ్యుకేషన్ కౌన్సిల్ నిర్ణయిస్తుంది. న్యాయవ్యవస్థ, ఒప్పందాలు, టార్ట్స్, క్రిమినల్ చట్టం, పబ్లిక్ లా, ఆస్తి చట్టం, వృత్తి నీతి అందులో ఉన్నాయి. 2025 నుంచి టికంగా చేరింది. జ్యూరిస్‌ప్రుడెన్స్ లేదు. దాన్ని విశ్వవిద్యాలయాల ఇష్టానికి వదిలారు. కొన్ని తమంతట తామే తప్పనిసరి చేశాయి, కొన్నిచోట్ల అది ఎంచుకుంటేనే ఉంటుంది. మన పరిస్థితి తలకిందులు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో జ్యూరిస్‌ప్రుడెన్స్ తప్పనిసరి సబ్జెక్టుల జాబితాలోనే ఉంది. ఒకచోట ప్రశ్నలు సజీవంగా ఉన్నా అందరూ వాటిని చదవాలన్న నియమం లేదు. మరోచోట నియమం ఉంది గానీ ప్రశ్నలు ఎండిపోయాయి. రెండు దేశాలూ ఒకరి నుంచి ఒకరు చెరిసగం నేర్చుకోవలసిన స్థితి ఇది.

దీనిపై వచ్చే అభ్యంతరాల్లో మొదటిది పొట్టకూటి ప్రశ్న. ఫీజులు అప్పు చేసి కట్టే విద్యార్థికి దస్తావేజు రాయడం, బెయిలు పిటిషన్ వేయడం కావాలి గాని కెల్సన్, హార్ట్ లాంటి న్యాయతత్వవేత్తలు ఎందుకని అడుగుతారు. ఆ ఆవేదనలో నిజముంది. ఆక్లండ్‌లో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకైనా, అనంతపురం నుంచి పిల్లను లా కాలేజీకి పంపిన రైతుకైనా చదువు బతుకుతెరువు చూపాలి. అయితే బొర్రా కేసు గెలిచింది ‘వ్యక్తి’ అన్న ఒక్క పదం మీద. ఎల్లిస్ అప్పీలు నిలిచింది ధర్మాసనం అడిగిన ఒక్క ప్రశ్నకు న్యాయవాదులు సిద్ధపడి జవాబు చెప్పడం వల్ల. ఫారం నింపడం ఆఫీసులో ఆరు నెలల్లో వస్తుంది. రేపు యంత్రమే నింపిపెడుతుంది. చట్టంలో ఉన్న మాట ఈ మనిషికి ఎందుకు వర్తించాలో, ఎందుకు వర్తించకూడదో కారణం చెప్పగలగడమే వృత్తిలో కడదాకా కూడు పెట్టే నైపుణ్యం. పెద్ద ఫీజు ఇచ్చుకోలేని కక్షిదారుకు ఆ నైపుణ్యమున్న వకీలు అవసరం మరీ ఎక్కువ. వాడుకలో ఉన్న చట్టం సాధారణంగా అతని ఎదుటివారివైపే ఉంటుంది.

రెండో అభ్యంతరం గంభీరమైనది. టికంగాను లా విద్యార్థులందరికీ తప్పనిసరి చేయడం మీద 2024లో ఒక సీనియర్ న్యాయవాది పార్లమెంటరీ కమిటీకే ఫిర్యాదు చేశారు. విలువలు, విశ్వాసాలు వేరు, చట్టం వేరు, రెండూ కలిపితే పౌరుడికి చట్టమేదో ముందుగా తెలిసే భద్రత పోతుందన్నది ఈ వాదంలోని బలం. చట్టబద్ధ పాలనకు నిశ్చితత్వం ప్రాణమన్న మాటను కొట్టిపారేయలేం. కాని ఈ అభ్యంతరం స్వయంగా ఒక న్యాయతత్వ సిద్ధాంతం. విలువలకూ చట్టానికీ మధ్య గోడ ఉందా, ఉంటే ఎక్కడ ఉందన్నది హార్ట్ నుంచి డ్వార్కిన్ దాకా సాగిన వాదోపవాదమే. టికంగా వద్దనేవారికీ, కావాలనేవారికీ ఆ వాదోపవాదం తెలియాలి. లేకపోతే ఒకరి మాట పక్షపాతంగా, మరొకరి మాట మొండితనంగా వినిపించి చర్చ అక్కడే ఆగిపోతుంది. పైగా 84వ సెక్షన్‌లో నిశ్చితత్వానికి లోటు లేదు. మావోరీల సంప్రదాయ హక్కుకు ప్రభుత్వం మీద కోర్టు దారి లేదని అది నిశ్చితంగానే చెప్పింది. ఎవరికి నిశ్చితత్వం, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్న అడగడం నేర్పేదే ఈ చదువు. అందుకే టికంగాను తప్పనిసరి చేసిన కౌన్సిల్ దాని పక్కనే న్యాయతత్వశాస్త్రాన్నీ పెట్టాలి. లేకపోతే టికంగా నమ్మవలసిన పాఠంగానో, తిరస్కరించవలసిన పాఠంగానో మిగిలిపోతుంది. తర్కించవలసిన చట్టంగా ఎదగదు.

మూడో అభ్యంతరానికి మన అనుభవమే సాక్ష్యం. తప్పనిసరి చేస్తే చదువు చచ్చిపోతుందంటారు. భారతదేశంలో జ్యూరిస్‌ప్రుడెన్స్ దశాబ్దాలుగా తప్పనిసరి, దశాబ్దాలుగా గైడు పుస్తకం. ఈ మాట నిజం. కాని ఆ పాఠాన్ని చంపింది తప్పనిసరి నియమం కాదు, ప్రశ్నపత్రం. ‘సాల్మండ్ నిర్వచనాన్ని వివరించి విమర్శించండి’ అని అడిగినంతకాలం గైడే వస్తుంది. ‘1909 చట్టం 84వ సెక్షన్‌ను సాల్మండ్ నిర్వచనం ప్రకారం సమర్థించండి, తర్వాత ఖండించండి’ అని అడిగి, పుస్తకం తెరిచి రాయమంటే గైడు పనిచేయదు. బొర్రా లీజుల మీద రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఒక పుట, గిరిజనుల తరఫున ఒక పుట రాయమంటే విద్యార్థి ఆలోచించక తప్పదు. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త బడ్జెట్టు అక్కర్లేదు. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల బోర్డులు ఒక్క సమావేశంలో తీసుకోగల నిర్ణయం. ఇలాంటి ప్రశ్నలు తెలుగులో కూడా అడగాలి. తిక్కన సమకాలికుడు కేతన 13వ శతాబ్దంలోనే మితాక్షర వ్యవహారకాండను ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దాయభాగాన్ని, రుణాన్ని, సాక్ష్యాన్ని ఏడు వందల ఏళ్ల కిందటే మోసిన భాషకు ‘వ్యక్తి ఎవరు’ అన్న ప్రశ్న బరువు కాదు.

రొటోరువా కథ 1912 తీర్పుతో ముగియలేదు. కోర్టు గెలిపించినా విచారణ సాగి సాగి, చివరికి 1922లో ఏటా 6,000 పౌన్లు చెల్లించే ఒప్పందంతో సరస్సులు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. 2006లో మరో చట్టం చేసి 13 సరస్సుల అడుగు నేలను టె అరావా ప్రజలకు తిరిగి ఇచ్చారు. తమిహానా కొరోకాయ్ కేసు నుంచి లెక్కిస్తే 94 ఏళ్లు. ఈ మధ్యకాలంలో సరస్సు మారలేదు, దాని అడుగు నేలా మారలేదు. చట్టం అన్న మాటలో ఎవరి ధర్మానికి చోటుంది, ఎవరి ధర్మానికి లేదు అన్న అవగాహన మారింది. ఆ మార్పు కోర్టుల్లో, పార్లమెంటులో, వీధుల్లో జరిగింది. దానికి మాటలు దొరికింది మాత్రం చాలావరకు విశ్వవిద్యాలయాల్లో. ఈ ఏడాది హైదరాబాదులోనో, గుంటూరులోనో పరీక్ష హాలులో కూర్చుని సాల్మండ్ నిర్వచనం రాయబోతున్న విద్యార్థికి ఆ 94 ఏళ్ల కథ చెప్పవలసిన బాధ్యత మన లా కాలేజీలది. అది విన్న విద్యార్థి నిర్వచనం రాసి ఊరుకోలేడు. దాని కింద ఎవరి నేల ఉందో వెతుకుతాడు.